కావలివాడి ముఖం

ఆ ఏడాది వానలు మొదలైన వారంలోనే నాకొక దుర్మార్గుడు కావలసి వచ్చాడు.

మా చెల్లెలు నవలలు రాస్తుంది, నేను వాటికి అట్ట బొమ్మలు వేస్తాను. గాలిని పిలిస్తే పలికే ఒక పిల్ల, ఆ గాలి మీద ఎక్కి ఆమె తిరిగే రాజ్యాలు, దారిలో ఎదురయ్యే మాంత్రికులు, మాట్లాడే కొండలు, అదీ కథ. ‘గాలిపిల్ల’ వరసలో అప్పటికి మూడు పుస్తకాలు వచ్చాయి. నాలుగో దాని కోసం పాఠకులు చెవి కోసుకుంటున్నారు. అట్ట మీద చెల్లెలి పేరు అరచేయంత అక్షరాల్లో పడేది. నా పేరు వెనక అట్ట అడుగున, ధర పక్కన, చీమ పాకినట్టు ఉండేది. దాని గురించి ప్రతి పుస్తకానికీ ప్రచురణకర్తతో పోట్లాడేవాణ్ణి. ఆయన ప్రతిసారీ “వచ్చే పుస్తకానికి చూద్దామండి” అనేవాడు. ఇలా తీయగా మాట్లాడి వాయిదాలు వేసే మనుషులంటే నాకు ఒళ్ళు మంట.

రాతప్రతి నేను చదవను. పుస్తకం అచ్చయి చేతికొచ్చాకే చదువుతాను. అది నేను పెట్టిన పద్ధతే. చెల్లెలు పాత్రల గురించి నోటితో చెబుతుంది, నేను వింటూ పెన్సిల్ కదుపుతాను. బొమ్మ చెవిలోంచి రావాలన్నది నా సిద్ధాంతం. ఇంటికొచ్చిన వాళ్ళకి ఈ సిద్ధాంతం పూర్తిగా వినిపించి గాని టీ ఇచ్చేవాణ్ణి కాదు.

చెవిలోంచి వచ్చింది కాగితం మీదికి ఎక్కాలంటే మాత్రం ఎదురుగా ఒక మనిషి నిలబడాలి. ఆ పని ఇంట్లోవాళ్ళది. కాలేజీ చదివే మా అమ్మాయి టేబుల్ ఫ్యాన్ ముందు జుట్టు విరబోసుకుని గాలిపిల్ల అయ్యేది. మా ఆవిడ మందుల షాపు నడుపుతుంది. మొదటి పుస్తకంలో సముద్రపు రాణి, రెండో పుస్తకంలో ఇద్దరు సైనికులూ ఆవిడే. ఎదురింటి బాబాయి, కరెంటు పని చేసి రిటైరైన మనిషి, దుప్పటి కప్పుకుని దుడ్డుకర్ర పట్టుకుని మూడు అట్టల మీదా మాంత్రికుడిగా నిలబడ్డాడు. అప్పటినుంచీ గడ్డం కత్తిరించడం మానేశాడు. వీధిలో పిల్లలు శాపం పెట్టమని వెంటపడితే, బల్బు మాడిపోవాలని పెట్టేవాడట. మేమంతా గడ్డం బాబాయి అనేవాళ్ళం.

ఆ వారంలోనే ఒక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పుస్తకాల వెనక ఉండే నంబరు నాది. గాలిపిల్లను తెర మీద సీరియల్‌గా తీస్తారట. మా చెల్లెలు వాళ్ళ ఊరు వెళ్ళి ఏడాది పాటు వాళ్ళ బొమ్మలవాళ్ళతో, నటులతో కూర్చుని, ఒక్కో పాత్రకీ మాటా, నడకా, బట్టా తనే తేల్చాలట. వానాకాలం అయ్యేలోగా రావాలి, రాలేకపోతే పాత్రలు వేరే రచయితతో చేయించుకుంటామని అక్కడి ఆవిడ మర్యాదగానే చెప్పింది. నేనూ మర్యాదగానే చెప్పాను. మా చెల్లెలికి ప్రయాణాలు పడవండీ, వర్షాలు తగ్గనీయండి చూద్దాం అని.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే చెల్లెలు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

“వెళ్తాను అన్నయ్యా” అంది. 

పెళ్ళి చెడి తను మా ఇంటికొచ్చి పదేళ్ళు దాటింది. ఈ మాట తన నోట నేను ఎప్పుడూ వినలేదు.

“వెళ్దువుగాని, ఎవరొద్దన్నారు? వర్షాలు తగ్గనీ” అన్నాను.

మా ఆవిడ నా వంక చూసింది. చెల్లెలు తల వంచుకుని, “సరే అన్నయ్యా” అంది. ఇంకొంచెం కూర వేసుకోమని నేనే గిన్నె తన వైపు జరిపాను.

తనని నేను కంటికి రెప్పలా చూసుకున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఊరంతా అనేదే. లైబ్రరీకి తను వెళ్ళనక్కరలేకుండా పుస్తకాలు నేనే మోసుకొచ్చేవాణ్ణి. పాఠకుల సభలకి తన బదులు నేను వెళ్ళి మాట్లాడేవాణ్ణి, జనంలో తనకి తల నొప్పి వస్తుందని. గదిలోకి చలిగాలి రాకుండా కిటికీకి రెండో తలుపు బిగించాను. ఇలాంటి అన్న ఉండాలి అని అందరూ అంటుంటే నేను కాదనేవాణ్ణి కాదు. తను కూడా కాదనలేదు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి వెనక వరండాలో కూర్చుని కొత్త పాత్ర గురించి చెప్పింది. ఆరని బట్టల వాసన వరండా అంతా నిండి ఉంది. తను తాడు మీంచి ఒక్కొక్కటే తీసి, చెంపకి ఆనించి ఆరిందో లేదో చూసి, ఆరినవి మడతపెడుతోంది. నేను ఒళ్ళో అట్ట పెట్టుకుని పెన్సిల్ చెక్కుతున్నాను.

ఈ పుస్తకంలో దుర్మార్గుడికి పేరు లేదంది. కావలివాడు అంటారు. గాలిపిల్ల తుపానులో కాలు విరిగి అతని పెరట్లో పడుతుంది. అతను లోపలికి మోసుకెళ్ళి కట్టు కడతాడు, వేడి గంజి తాగిస్తాడు, తలగడ సర్దుతాడు. కాలు బాగవుతుంది. ఆ పిల్ల వెళ్తానంటుంది. అతను వద్దనడు. తలుపు దగ్గర నిలబడి, గాలి తగ్గనీ, వెళ్దువుగాని అంటాడు.

నేను పెన్సిల్ పడేసి తొడ చరిచాను. “గాలి ఉంటేనే కదా ఆ పిల్ల ఎగిరేది? గాలి తగ్గాక వెళ్ళమంటాడా! అబ్బ, ఎంత గుంటనక్క వాడు!”

“వాడికి ఆ సంగతి తెలియదన్నయ్యా” అంది తను. నా చొక్కా మడతపెడుతోంది అప్పుడు. కాలరు దగ్గర ముడత పోయేలా రెండుసార్లు చేత్తో రాసింది. “నిజంగానే దాని మంచికే అనుకుంటాడు.”

“తెలియకపోవడమేమిటి, నటిస్తున్నాడు. ఇలాంటివాళ్ళు నాకు బాగా తెలుసు. వీణ్ణి నాకు వదిలెయ్.”

తను మిగిలిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మొదటి బొమ్మలో కావలివాడికి కొమ్ములు పెట్టాను. కొమ్ములొద్దంది. రెండోదాంట్లో కొమ్ములు తీసి కోరలు పెట్టాను. కోరలూ వద్దంది. గద్ద ముక్కు వద్దంది, సన్నపెదవులు వద్దంది, మెడలో తాళంచెవుల గుత్తి కూడా వద్దంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. దుర్మార్గుడికి ఏదో ఒకటి ఉండొద్దా అని అడిగితే, “చూడగానే వాడి పక్కన కూర్చోవాలనిపించాలి అన్నయ్యా” అంది.

ఇక మనిషి కోసం వేట మొదలుపెట్టాను. గడ్డం బాబాయిని కూర్చోబెడితే ఆయన ఎంత జాలిగా చూడబోయినా నవ్వొచ్చేస్తోంది. పైగా మాంత్రికుడు పార్టీ మారాడంటే పిల్లలు ఊరుకోరన్నాడు. బస్సుల్లో, బ్యాంకు వరసల్లో, పళ్ళ డాక్టరు దగ్గర మనుషుల ముఖాల్లోకి తేరిపార చూశాను. ఒకాయన ఏం కావాలని దెబ్బలాటకి వచ్చాడు. వెళ్ళిన చోటల్లా కావలివాడి కథ చెప్పేవాణ్ణి. వాడు గంజి తాగించే తీరు, దుప్పటి సర్దే తీరు, ఎక్కడా గొంతు పెంచకుండా ఆ పిల్లను కాల్చుకుతినే తీరు అభినయించి మరీ చూపించేవాణ్ణి. బాగా రక్తి కట్టేది. మా ఆవిడ షాపులో మందులకొచ్చినవాళ్ళు చీటీలు చేత్తో పట్టుకుని వినేవారు. అంత నీచుడు ఉండడండీ అనేవారు. ఉంటాడండీ, ఇంటికొకడు ఉంటాడు అనేవాణ్ణి. 

“కాస్త మెల్లగా చెప్పండి, అందరికీ వినపడుతోంది” అంది ఒకరోజు మా ఆవిడ, సీసాల వెనకనుంచి.

“వినపడనీ” అన్నాను.

కంపెనీ ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. వచ్చే నెలాఖరు దాటితే కుదరదంది. “నెలాఖరేనాండీ?” అని గట్టిగా అడిగి, వానలు ఏమాత్రం తెరిపి ఇవ్వడం లేదని, తనకి జలుబు చేసిందని చెప్పాను. జలుబు నిజమే. చెల్లెలు గుమ్మంలోకి వచ్చి ఏమన్నారని అడిగింది. తొందరేం లేదన్నారు అని చెప్పి, మిరియాలు వేసి కాచిన పాలు ఇచ్చి రమ్మని అమ్మాయిని పంపించాను. ఇటు ప్రచురణకర్త పని పీకల మీదకి తెచ్చాడు. అట్ట రాకపోతే పుస్తకం ఆగిపోతుంది, చివరి అధ్యాయం ఇంకా రాలేదు, కనీసం అట్ట అయినా ఇవ్వండి మహాప్రభో అని రోజూ గోల.

ఆదివారం షాపుకి సెలవు. కిటికీ పక్కకి మంచం జరిపి, అమ్మాయిని గాలిపిల్లలా దాని మీద పడుకోబెట్టాను. కాలికి గుడ్డపీలికతో కట్టు కట్టాను. కావలివాడు దొరకలేదు గనక మా ఆవిడకి నా చొక్కా తొడిగాను. ముఖం తర్వాత చూసుకోవచ్చు, ముందు కూర్చునే తీరు కావాలి.

“మంచం పక్కన కూర్చో. ఆ పిల్ల వెళ్తానంటోంది. నువ్వు పంపవు, కానీ పంపనని అనవు. ముఖంలో జాలి ఉండాలి. ఎలా చేస్తావో మరి” అన్నాను.

మామూలుగా అయితే ఆవిడకి సవాలక్ష సందేహాలు. చెయ్యి ఎక్కడ పెట్టాలి, మెడ ఎటు తిప్పాలి, ఇంకెంతసేపు అని. ఆ రోజు ఒక్క ప్రశ్న వేయలేదు. వచ్చి కూర్చుంది. ఎడమ చెయ్యి మంచం తలాపి మీద ఆనించింది. లేని కళ్ళజోడుని వేలి కణుపుతో ముక్కు మీదికి తోసుకుంది. తల కొంచెం పక్కకి వంచి, పిల్ల దుప్పటి మెడదాకా లాగి, అంచు లోపలికి దోపి, పైన రెండుసార్లు తట్టింది.

“వెళ్దువుగాని తల్లీ, ఎవరొద్దన్నారు” అంది.

అమ్మాయి పకపకా నవ్వేసింది. నవ్వి, గభాలున దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. కదలొద్దని కసిరాను. గుమ్మంలో చెల్లెలు నిలబడి చూస్తోంది. తను నవ్వలేదు. “ఇక చాల్లే వదినా” అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకవేవీ పట్టలేదు. తబ్బిబ్బైపోయి ఫోటోల మీద ఫోటోలు తీసుకుంటున్నాను. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మా ఆవిడ చొక్కా గుండీలు విప్పుకుంటూ, “ఎక్కడో చూశాలెండి” అంది.

ఆ ఫోటోలు పెట్టుకుని బొమ్మ మొదలుపెట్టాను. అలాంటి పని నా చేతికి ఎప్పుడూ రాలేదు. పుస్తకం పేరు పడడానికి పైన మూడో వంతు మబ్బు వదిలేశాను. కింద కిటికీ, మంచం, పిల్ల, పక్కన కావలివాడు. ముఖానికి మనిషి దొరకలేదు కాబట్టి ఊహ మీదే వేసుకుంటూ పోయాను. దయగల కళ్ళు, వేళకి తిని వేళకి పడుకునే మనిషి చెంపలు, ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టబోతున్నట్టు ఉండే నోరు. చెల్లెలు అడిగింది అచ్చం ఇదే. వాణ్ణి చూస్తే నాకే ముచ్చటేసింది. ఈల వేసుకుంటూ వేశాను.

బొమ్మలు వేసేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. ఒకే బొమ్మని రోజుల తరబడి చూస్తే కంటికి అందులో తప్పులు ఆనవు. అందుకని చివర్లో బొమ్మకి వీపు పెట్టి నిలబడి, చేతి అద్దంలో దాన్ని చూసుకుంటాం. కుడి ఎడమై, బొమ్మ ఎవరో పరాయివాళ్ళు వేసినట్టు కనిపిస్తుంది. వంకర ముక్కులూ ఎగుడుదిగుడు కళ్ళూ అప్పుడు బయటపడతాయి. వాన కాసేపు ఆగి వెలుతురు వచ్చిన ఒక ఉదయం, మా ఆవిడ తల దువ్వుకునే అద్దం తెచ్చుకుని, భుజం మీదుగా ఎత్తి పట్టుకున్నాను.

అద్దంలో ఒక పక్క బొమ్మ, ఒక పక్క నా ముఖం. బాగా కనబడాలని తల కొంచెం పక్కకి వంచాను. కళ్ళజోడు జారింది. వేలి కణుపుతో పైకి తోసుకున్నాను.

బొమ్మలో తప్పేమీ కనబడలేదు. అద్దం బల్ల మీద బోర్లా పెట్టి కూర్చున్నాను.

ముందు కోపమే వచ్చింది. పదేళ్ళు నెత్తిన పెట్టుకుని చూసుకుంటే ఇదా అనుకున్నాను. అలా అనుకుంటున్నప్పుడే, ఈ మాట కావలివాడి నోట్లో ఎంత బాగా నప్పుతుందో తెలిసింది. అప్పుడు సిగ్గు మొదలైంది. ఒక్కసారిగా కాదు, ఒక్కొక్క మనిషీ గుర్తొస్తూ మొదలైంది. షాపులో చీటీలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు. సీసాల వెనక మా ఆవిడ. దుప్పటి కింద అమ్మాయి. వాడెంత నీచుడో చూడండని ఊరూరా నన్ను నేనే చాటింపు వేసుకుని తిరిగాను. వీణ్ణి నాకు వదిలెయ్ అన్నాను, నా చొక్కా మడతపెడుతున్న చెల్లెలితో. ఆ గదిలో ఎవరూ లేరు, అయినా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. 

ముదురు గోధుమరంగు కలిపి కావలివాడికి గడ్డం వేయడం మొదలుపెట్టాను. సగం చెంప కప్పేశాక తలుపు చప్పుడైంది. చెల్లెలు టీ పట్టుకుని వచ్చింది. మామూలుగా ఆ వేళకి టీ తనకి నేను తీసుకెళ్ళి ఇస్తాను.

“గడ్డం పెడుతున్నావా?” అంది.

“పెడితే బాగుంటుందేమోనని” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

తను గ్లాసు కిటికీలో పెట్టి చాలాసేపు బొమ్మని చూసింది. కళ్ళనే చూసింది.

“నిన్ను రాద్దామని కూర్చోలేదన్నయ్యా. దుర్మార్గుణ్ణే రాద్దామనుకున్నాను. ఎంత రాసినా వాణ్ణి చూస్తే నాకు భయం వేయలేదు. చివరికి ఒక మంచివాణ్ణి రాశాను. అప్పుడు భయమేసింది.”

కుంచె నీళ్ళలో ముంచి, తీసి, మళ్ళీ ముంచాను. 

“వాళ్ళు తొందర లేదనలేదు. వచ్చే నెలాఖరు దాటితే కుదరదన్నారు” అన్నాను.

“తెలుసు. నువ్వు ఫోన్‌లో గట్టిగా మాట్లాడతావు.”

“తెలిసి ఎందుకు ఊరుకున్నావు?”

“నువ్వు నన్ను తిట్టుంటే ఎదురుతిరిగేదాన్ని. నువ్వు పాలు కాచి పంపిస్తావు” అంది. నిష్ఠూరంగా అనలేదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది. 

కాసేపటికి నేనే, చివరి అధ్యాయం ఎందుకు ఆపావని అడిగాను. వాడు తలుపు తీస్తాడో లేదో తెలియక ఆపానంది. తను నా వైపు చూస్తుందేమోనని భయపడ్డాను. చూడలేదు. బొమ్మ మీద తడి గడ్డాన్నే చూస్తోంది.

కంపెనీ నంబరు కలిపి, అవతల ఆవిడ హలో అనగానే ఫోన్ తన చేతికి ఇచ్చేసి వరండాలోకి వచ్చేశాను. వచ్చానన్న మాటే గాని వింటూనే నిలబడ్డాను. మొదట్లో తను మాటకీ మాటకీ మధ్య ఆగింది. తర్వాత ఆగలేదు. గాలిపిల్ల నడుస్తున్నప్పుడు మడమలు నేలకి ఆనకూడదని చెప్పింది. బట్టలకి జేబులుండాలంది. ఒకచోట పెద్దగా నవ్వింది కూడా. ఇంత బాగా మాట్లాడుతుందని తెలియని అన్నని నేను. ఇన్నేళ్ళూ సభల్లో తన బదులు మాట్లాడినవాణ్ణి. ఆరని బట్టల మధ్య నిలబడి తల ఎత్తలేకపోయాను.

తను ఫోన్ పెట్టేసి గదిలోంచి వెళ్ళాక పాతగుడ్డ తీసుకుని, రంగు ఎండకముందే గడ్డం తుడిచేశాను.

ఆ సాయంత్రం షాపు మూసి వచ్చిన మా ఆవిడని, నువ్వైనా ఒక మాట చెప్పొచ్చుగా అని అడిగాను.

“చెప్పాను. మీ చొక్కా తొడుక్కుని మరీ చెప్పాను” అంది.

అట్ట చూసి ప్రచురణకర్త ఎగిరి గంతేశాడు. ఈ ముఖం ఎక్కడ పట్టారండీ, ముద్దుపెట్టుకోవాలో చెంప పగలగొట్టాలో తెలియడం లేదు అన్నాడు. ఈసారి నా పేరు ముందు అట్ట మీదే పెద్ద అక్షరాల్లో వేస్తానన్నాడు. వద్దండీ, చీమలాగే ఉండనీయండి అన్నాను. ఆయనకి నా ఆరోగ్యం మీద అనుమానం వచ్చింది. గడ్డం బాబాయి బొమ్మని చూసి, నన్ను చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, ఇంట్లో ఫ్యూజు చూడాలని వెళ్ళిపోయాడు. ఆ పెద్దమనిషి మర్యాదకి నాకు ఇంకొంచెం సిగ్గేసింది.

చెల్లెలి ప్రయాణం రోజు పొద్దున్నే వాన దంచడం మొదలుపెట్టింది. వీధి కనబడడం లేదు. కారు గేటు బయట ఆగి హారన్ కొడుతోంది. సూట్‌కేసు, చేతిసంచి, మా ఆవిడ కట్టిన మందుల డబ్బా గుమ్మంలో ఉన్నాయి. అమ్మాయి గొడుగు తెరవబోతే ఊచ ఒకటి విరిగి పక్కకి వంగిపోయింది. తను చెప్పులు తొడుక్కుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, అందరినీ ఒకసారి చూసింది. 

ఎన్ని రోజులుగా జాగ్రత్తపడుతున్నానో నాకే తెలుసు. మాట్లాడే ముందు ఒకటికి రెండుసార్లు మింగి మాట్లాడుతున్నాను. అయినా ఆ వాన వంక చూస్తూ, తన పల్చటి చెప్పుల వంక చూస్తూ, నోరు దానంతటదే తెరుచుకుంది.

“వాన కాస్త తగ్గనీ...”

ఎవరూ నవ్వలేదు. అమ్మాయి విరిగిన గొడుగు ఊచని సరిచేస్తున్నట్టు తల దించుకుంది. మా ఆవిడ గోడ వైపు తిరిగింది. చెల్లెలు మాత్రం అలాగే నిలబడింది, కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని, నా ముఖంలోకే చూస్తూ. పదేళ్ళుగా ఎలా నిలబడుతోందో అలాగే. నేను మిగతా మాట అంటే చెప్పులు విప్పేస్తుందని నాకు తెలిసిపోయింది.

సూట్‌కేసు ఎత్తి నెత్తిన పెట్టుకుని వానలోకి దిగాను. గేటు దాకా వెళ్ళేసరికి కళ్ళజోడులోంచి ఏమీ కనబడడం లేదు. కారు వెనక డిక్కీ ఎక్కడుందో తడుముకోవలసి వచ్చింది. డ్రైవరు అద్దం కొంచెం దించి, “ఇంత వానేంటి సార్, కాసేపు ఆగి వెళ్తే పోలా?” అన్నాడు. 

“ఆగొద్దు. ఇప్పుడే తీసుకెళ్ళు” అన్నాను. అరిచినట్టున్నాను. అతను గబుక్కున దిగి డిక్కీ తెరిచాడు.

తను పరిగెత్తుకుంటూ వచ్చింది. మడమలు నీళ్ళకి ఆనకుండా, మునివేళ్ళ మీద. కారెక్కి అద్దం మీద లోపలినుంచి చెయ్యి ఆనించింది. కారు మలుపు తిరిగాక కూడా నేను లోపలికి రాలేదు. మా ఆవిడ వచ్చి, ఇక ఎవరూ లేరు, రండి అంది.

వానలు పూర్తిగా వెలిశాక పుస్తకం వచ్చింది. పద్ధతి ప్రకారం అచ్చులోనే చదివాను. చివరి అధ్యాయంలో కావలివాడు తలుపు తీస్తాడు. తీసేముందు ఆ మాట ఇంకొక్కసారి అంటాడు. అది లేకుండా రాసి ఉంటే నా పరువు కొంత దక్కేది. రాసింది. ఇంట్లో ఎవరూ చూడకుండా ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. మా ఆవిడ షాపుకి ఆ పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చిన ఒక పిల్ల అట్టనీ నన్నూ మార్చి మార్చి చూసి వాళ్ళమ్మ వెనక్కి నక్కింది. 

ఆ రాత్రి తనే ఫోన్ చేసింది. ఇప్పుడు తన నంబరు తనకుంది. పుస్తకం చదివావా అని అడిగింది. చదివానన్నాను. కోపం వచ్చిందా అంది. లేదు, సిగ్గేసింది అన్నాను. తను అక్కడి పని గురించి చెప్పడం మొదలుపెట్టింది. కావలివాడి వేషానికి మనిషి దొరకడం లేదట. ఎవర్ని పెట్టినా దుర్మార్గుడిలా నటిస్తున్నాడట.

ఆగలేక అడిగేశాను. “ఎప్పుడొస్తావమ్మా?”

వరండాలోకి నడిచాను. తాడు మీద బట్టలు ఎప్పుడో ఆరిపోయి ఉన్నాయి. ఆకాశంలో మబ్బుతునక లేదు. చుక్కలన్నీ కనబడుతున్నాయి. అవతల తను నవ్వుతోందని అర్థమైంది.

“వర్షాలు తగ్గనీ అన్నయ్యా, వస్తాను” అంది.

సరేనమ్మా అన్నాను.